రాణిని అప్పగించి వచ్చాము

కడప, ఎర్రముక్కపల్లె
జూలై 20

చిరంజీవి నాయనకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నాన్న, నేను క్షేమం. నీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. ఎదురింటి వాళ్లు వదిలిపోయిన పిల్లి రాణిని వేరే ఇంట్లో ఇచ్చి వచ్చామని మొన్న ఆదివారం నేను ఫోనులో చెప్పగానే, "అయితే మీరూ వదిలేశారన్నమాట" అని నువ్వు ఫోను పెట్టేశావు. కోపంలో అన్నావని తెలుసు. అయినా ఆ మాట ఇన్ని రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. ఫోనులో చెప్పబోతే నీకు డ్యూటీ వేళ అవుతుంది, నాకు గొంతు పూడుకుపోతుంది. అందుకే జరిగింది జరిగినట్లు రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వు ఉగాదికి వచ్చినప్పుడు ఎదురింటి వాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. పిల్లల పరీక్షలు ముగిశాక, ఏప్రిల్ చివర్లో, ఆయనకు తిరుపతికి బదిలీ అయిందని సామాను లారీకెత్తుకుని వెళ్లారు. మంచాలు, బీరువా, చివరికి తులసి కుండీ కూడా లారీ ఎక్కాయి కానీ పిల్లి ఎక్కలేదు. మెట్ల మీద ఒక స్టీలు పళ్లెం మిగిలింది. దాని అంచున ఆ ఇల్లాలి పేరు చుక్కల అక్షరాలతో చెక్కించి ఉంది. అందులో పెట్టిన పెరుగన్నం మధ్యాహ్నానికల్లా ఎండి పెచ్చులు కట్టింది. సాయంత్రం ఆరింటికి, ఆయన స్కూటరు ఇంటికొచ్చే వేళకు, రాణి గేటు స్తంభం ఎక్కి కూర్చునేది. సందులోకి ఏ స్కూటరు వచ్చినా దాని రెండు చెవులూ ముందుకు తిరిగేవి; బండి మన గేటు దాటి పోగానే తల వాల్చి, కాళ్లు కడుపు కిందికి ముడుచుకునేది. మూడు వారాలు ఒక్క రోజు తప్పకుండా అలాగే కూర్చుంది. 40 డిగ్రీలు దాటిన ఎండకు ఆ బండ రాయి ఆరింటికి కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉండేదని నీకు చెప్పనక్కర లేదు.

ఇల్లుగలాయన కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లకు పిల్లి పొడ గిట్టదని, దాన్ని గోనెసంచిలో వేయించి చెన్నూరు దగ్గర పెన్న ఒడ్డున వదిలించేస్తానని అన్నాడు. అలా చేయడం నేరమని, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షను తిండీ నీళ్లూ దొరక్క అల్లాడేలా జంతువును వదిలేయడాన్ని నేరంగానే చెప్పిందని నేను ఆయనతో అన్నాను. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయల వరకే. ఇన్నేళ్లయినా ఆ అంకె అక్కడే ఉండటం నాకు బాధగానే ఉంది. అయినా ఆయన నా మాట మన్నించి నెల గడువు ఇచ్చాడు.

ఆ తర్వాత తిరుపతికి ఫోను చేశాను. ఆ తల్లి మాటలో తప్పించుకోవాలన్న ధోరణి లేదు. "కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది కదా మేడం, తీసుకుపోయినా అక్కడ ఉండదనుకున్నాం" అన్నది. ఈ మాట మనమందరం చిన్నప్పటి నుంచి విన్నదే. ఇందులో నిజం లేకపోలేదు. పిల్లి తన బుగ్గల దగ్గరున్న గ్రంథుల వాసనను గడపకు, మంచం కోడుకు, మన కాళ్లకు రుద్ది, ఇది నా చోటు అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ వాసన లేని ఇల్లు దానికి పరాయి దేశం. కానీ పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని కూడా మన పెద్దలే అన్నారు కదా నాయనా. చోటు మార్చుకోవడం దానికి చేతకాని పని కాదు. మనం కొంత కాలం ఓపిక పట్టి చోటు మార్పించాలి. అంతే తప్ప, ఇంటిని నమ్ముకుంది కదా అని ఖాళీ ఇంటికి దాన్ని ఒప్పజెప్పి పోకూడదు. ఆ ఇల్లు దానికి అన్నం పెట్టదు.

ఫోను పెట్టేసే ముందు వాళ్ల పాప మాట్లాడింది. మూడో తరగతి చదివే పిల్ల. "పళ్లెం మీద చెంచాతో మూడు సార్లు కొడితే రాణి ఎక్కడున్నా వస్తుంది టీచర్" అని చెప్పి ఏడ్చింది. ఆ పళ్లెం కడిగి దాచి పెట్టాను.

దాన్ని పట్టడం మాత్రం తేలిక కాలేదు. మొదటి రోజు తొందరపడి కోళ్ల గంప బోర్లించబోయాను. అది బెదిరి నా మణికట్టు మీద గీరింది, రక్తం వచ్చింది. కుళాయి కింద సబ్బుతో పావుగంట సేపు కడిగి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకున్నాను. మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, మొత్తం నాలుగు సార్లు వెళ్లాను. పిల్లి గీరితే ఏమవుతుందిలే అని పసుపు అద్దుకుని ఊరుకునే వాళ్లు మన వీధిలోనే ఉన్నారు. నువ్వు కంగారు పడతావని అప్పుడు చెప్పలేదు. తర్వాత పద్ధతి మార్చి, గంపను పక్కకు వాల్చి పెట్టి, పళ్లెం దాని లోపలే ఉంచి, రోజూ చెంచాతో మూడు సార్లు కొట్టి దూరంగా కూర్చునేదాన్ని. ఆరో రోజు తనంతట తానే లోపలికి వెళ్లి తింటూ ఉంటే మెల్లగా గంప నిలబెట్టి మూశాను.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివి వచ్చిన ఒక యువ వైద్యురాలు ఇక్కడ జంతువులను చూస్తున్నది. ఆ అమ్మాయి చెవుల లోపలి నుంచి పాదాల దాకా ఓపికగా పరీక్ష చేసి, వయసు రెండేళ్లకు మించదని, కడుపుతో లేదని చెప్పింది. రాణిలా నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుందని, ఆ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందని, నేను పదో తరగతికి పాఠం చెప్పినప్పుడు నువ్వు వెనక బెంచీలో కూర్చుని విన్న సంగతి గుర్తుందా? నట్టల మందు వేసి, రేబిస్ టీకా, మరో మూడు జబ్బులకు కలిపి వేసే టీకా వేసింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేయించాను. పిల్లి రెండు నెలల చూలుకే ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు కాన్పులు అవుతాయి. ఒక్క పిల్లికి ఇల్లు వెతకడానికే నాకు ఇంత కాలం పట్టిందంటే, ఈ ఆపరేషన్ లేకుండా దాన్ని ఎవరి చేతిలో పెట్టినా ఆ బరువును వాళ్ల నెత్తిన వేసినట్లే అవుతుంది.

మన ఇంట్లోనే ఎందుకు ఉంచుకోలేదన్నది నీ అసలు ప్రశ్న. కుట్లు మానేదాకా, రెండు వారాల పాటు, పెరటి గదిలో ఉంచాను. ఆ రెండు వారాల్లోనే నాన్నకు రెండు రాత్రులు ఉబ్బసం తిరగబెట్టింది. పిల్లి ఉమ్మిలోను చర్మంలోను ఉండే ఒక ప్రోటీను, అది ఒళ్లు నాక్కున్నప్పుడు వెంట్రుకలకు అంటుకుని, ఎండి, గాలిలో కలుస్తుంది. గది వేరైనంత మాత్రాన అది ఆగదు. నాన్న మాత్రం ఒక్క నాడూ దాన్ని పంపించెయ్యమనలేదు, కిటికీ పక్కన కూర్చుని ఊపిరి ఎగబీల్చుకుంటూ కూడా "దానికి నీళ్లు పెట్టావా" అనే అడిగారు. నువ్వు పూణే తీసుకుపోతానన్నావు. ముగ్గురు పంచుకునే అద్దె గదిలో, నీ రాత్రి డ్యూటీల మధ్య, అది మళ్లీ ఎవరి కోసమో తలుపు వంక చూస్తూ కూర్చునేది కదా.

అడిగిన వాళ్లు లేకపోలేదు. బియ్యం గోడౌను ఉన్న ఒకాయన ఎలుకల బాధ పడలేక వెంటనే ఇమ్మన్నాడు. మాటల్లో తెలిసిందేమిటంటే అక్కడ బస్తాల మధ్య ఎలుకల మందు పెడతారు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం పిల్లికీ ఎక్కుతుంది, అందుకే ఇవ్వలేనన్నాను. మూడో అంతస్తులో ఉండే ఒక జంట తమ బాబు పుట్టినరోజుకు బహుమతిగా కావాలన్నారు. వాళ్ల బాల్కనీకి గ్రిల్లు లేదు, పెట్టించే ఉద్దేశమూ కనబడలేదు.

నన్ను ఎక్కువగా నలిపింది మూడో ఇల్లు. మన మాజీ ప్రధానోపాధ్యాయుడి కుటుంబం, ఎంత మెత్తని మనుషులో నీకు తెలుసు. ఆ ఇంటి ఆవిడ ఒళ్లోకి తీసుకుంటే రాణి కళ్లు మూసుకుని గుర్రుమన్నది. అంతా కుదిరిందనుకున్నాను. తిండి సంగతి వచ్చేసరికి, తమ ఇంట్లో గుడ్డు కూడా తాకరని, రోజూ పాలు, పెరుగన్నం పెడతామని అన్నారు. పెద్దయిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పడతాయి. అంతకన్నా ముఖ్యం, పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచో చేపల నుంచో అందాలి. అది చాలకపోతే కాలక్రమంలో చూపు దెబ్బతింటుంది, గుండె బలహీనపడుతుంది. దుకాణంలో దొరికే పిల్లి దాణా అయినా పెట్టగలరా అని అడిగాను. అందులోనూ చేపలే కదా, ఇంట్లోకి రానివ్వలేమన్నారు. వాళ్ల ఆచారాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు, దాని ఒంటి ధర్మాన్ని మార్చే శక్తి వాళ్లకూ లేదు. గంప పట్టుకుని తిరిగి వస్తుంటే, అంత మంచి ఒడి వదిలించి తెస్తున్నానే అని నాకు కాళ్లు సాగలేదు.

రాణి ఇప్పుడున్న ఇల్లు పెద్ద దర్గా దగ్గర వీధిలో ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తల్లి, నేను ఆపా (ఉర్దూలో అక్క) అని పిలుస్తాను, మిషను కుట్టుకుంటూ ముసలి తల్లితో ఉంటున్నది. వాళ్లు సాకిన పిల్లి పద్నాలుగేళ్లు బతికి నిరుడు పోయిందట. ఎలుకలు పడుతుందా అని ఆపా అడగలేదు. ఏ వేళకు తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది అని అడిగింది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, బయటికి వెళ్లి వెతుక్కోనీయక చంపిన ఒక స్త్రీకి నరకం ప్రాప్తించిందని తమ ప్రవక్త చెప్పిన మాటను ఆ ముసలమ్మ గుర్తు చేసి, "మాకు తెలిసి తెలిసి ఆ పాపం వద్దు బిడ్డా" అన్నది.

జూన్ చివరి వారంలో, చల్లబడిన వేళ చూసి, గంపలో రాణిని, దానితో పాటు అది పడుకున్న నా పాత చీర ముక్కను, ఆ స్టీలు పళ్లేన్ని తీసుకుపోయి అప్పగించాము. ఆడపిల్లను అప్పగింతలు పెట్టినప్పుడు ఆమె అలవాట్లన్నీ చెప్పుకుంటాం చూడు, అలా అన్నీ చెప్పాను. మూడు వారాలు గడప దాటనీయవద్దని, లేకపోతే పాత ఇల్లు వెతుక్కుంటూ రోడ్ల పాలవుతుందని, మొదటి వారం ఒక్క గదిలోనే ఉంచాలని, జ్వరమొస్తే మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషమని చెప్పాను. ఒకటి రెండు రోజులకు మించి ఏమీ ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది కాబట్టి వెంటనే నాకు ఫోను చెయ్యమన్నాను. మొదటి రోజంతా అది మిషను వెనక ట్రంకు పెట్టె చాటునే ఉండిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండో రాత్రి పన్నెండు దాటాక పళ్లెం చప్పుడైందని, పొద్దున చూస్తే చేప ముక్కలు లేవని ఆపా చెప్పింది.

పోయిన ఆదివారం, నీకు ఫోను చేయడానికి ముందు, వెళ్లి చూశాము. నాన్న తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు బయటే నిలబడ్డారు, చేతిలో తాను కొనుక్కొచ్చిన చేపల పొట్లం. ఆపా పళ్లెం మీద చెంచాతో మూడు సార్లు కొట్టింది. రాణి మిషను పెడలు కింద నుంచి తోక నిలువుగా ఎత్తుకుని వచ్చింది, ముసలమ్మ కాలికి బుగ్గ రుద్దింది, తర్వాత తినసాగింది. మమ్మల్ని చూసింది కానీ మా దగ్గరికి రాలేదు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఫొటో తీసి తిరుపతిలోని పాపకు పంపించాను.

దసరాకు నువ్వు వచ్చినప్పుడు రాణిని చూడడానికి నిన్ను తీసుకొస్తానని ఆపాకు చెప్పి ఉంచాను. ఒట్టి చేతులతో పోవద్దు. టీకాలు మళ్లీ వచ్చే మే నెలలో వేయించాలి. ఆ తేదీ నీ ఫోనులో రాసి పెట్టుకో, ఆ ఖర్చు ఏటా నువ్వు పంపాలి.

ఆశీస్సులతో,
అమ్మ