ఎత్తొక్కటే చూసి స్థానం ఇవ్వొద్దు

సంపాదకుడికి,

బాస్కెట్‌బాల్‌లో పొడుగ్గా ఉన్న పిల్లాణ్ణి రింగు కింద నిలబెట్టి ఊరుకుంటున్నారు. రింగు దగ్గర ఆడే ఆ ఆటగాడికి, అంటే సెంటర్‌కు, మొదట నేర్పాల్సింది బాక్సౌట్, అంటే ప్రత్యర్థిని వీపు వెనక ఉంచి బంతికి దారి మూయడం. షాట్ లేవగానే బంతిని కాదు, ప్రత్యర్థిని వెతకాలి; మోకాళ్లు వంచి, వీపుతో అతన్ని అడ్డుకున్నాకే బంతికి ఎగరాలి. పైకి చూస్తూ నిలబడితే పొట్టివాడైనా ముందుకు దూరి రీబౌండ్, అంటే షాట్ పడక తిరిగొచ్చిన బంతి, లాక్కుంటాడు.

ఆట నడిపించే పాయింట్ గార్డు 8 సెకన్లలో బంతిని సగం కోర్టు దాటించాలి. కుడిచేత్తోనే డ్రిబుల్ చేసేవాణ్ణి డిఫెండర్ ఎడమవైపుకే తోలతాడు, అక్కడే బంతి పోతుంది. దూరం నుంచి షాట్లు వేసే షూటింగ్ గార్డు 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయట, పాస్ అందేలోపే పాదాలు సర్దుకోవాలి. పవర్ ఫార్వర్డ్ స్క్రీన్ పెట్టాక, అంటే తోటి ఆటగాడి కోసం డిఫెండర్‌కు అడ్డుగా నిలబడ్డాక, కదలకూడదు. కదులుతూ డిఫెండర్‌ను ఢీకొంటే ఫౌలే. రింగు దగ్గరా దూరంగానూ ఆడే స్మాల్ ఫార్వర్డ్‌కు ఇవన్నీ కొంచెం కొంచెం కావాలి. అందుకే చిన్నపిల్లల్ని మొదట ఆ స్థానంలోనే ఆడించడం మేలు.

— ఒక కోచ్