మన డౌన్ సిండ్రోమ్ పిల్లల తల్లిదండ్రుల సంఘం 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, నెల్లూరు టౌను నుంచే కాక కావలి, ఆత్మకూరు, కందుకూరు నుంచి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, స్పీచ్ థెరపీ, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుల పని ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది మార్చిలో మనం పెట్టిన థైరాయిడ్ రక్తపరీక్షల శిబిరం. మార్చి 21 ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. ఇన్నాళ్లూ కేకు కోసి, ఫొటోలు దిగి ఇళ్లకు వెళ్లేవాళ్లం.

శిబిరానికి వచ్చిన డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. మన పిల్లల్లో ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే హషిమోటో జబ్బు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువ. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగానే ఉందిగదా అని ఊరుకుంటే కుదరదు. పదేళ్లకైనా, పదిహేనేళ్లకైనా మొదలవ్వచ్చు. అందుకే ఏటా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే రక్తంలో పెరిగే హార్మోన్) చూడాలి. నీరసం, మలబద్ధకం, పొడి చర్మం, ఒళ్లు రావడం... వీటన్నిటినీ 'వాడి తీరే అంత' అని మనమే వదిలేస్తున్నాం. కొందరిలో ఇందుకు విరుద్ధంగా గ్రంథి ఎక్కువగా పనిచేసి, బరువు తగ్గి, గుండె దడ వస్తుంది. అదీ గమనించుకోవాలి.

సూదికి పిల్లలు ఏడుస్తారని అందరం టెన్షన్ పడ్డాం. మొదట కూర్చున్న కుర్రాడు తన పేరున్న స్టిక్కరు ట్యూబుకు తనే అంటిస్తానని పట్టుబట్టాడు. ఇచ్చాం, వంకరగా అంటించాడు. ఇక వెనకున్నవాళ్లందరికీ అదే కావాలి! విసుక్కోకుండా ప్రతి స్టిక్కరూ సరిచేసుకున్న ల్యాబ్ టెక్నీషియన్‌కు, హాలు ఉచితంగా ఇచ్చిన పెద్దలకు, ఉప్మా వండిపెట్టిన తల్లులకు, ఆటోలు మాట్లాడిన సోదరులకు, డాక్టరుగారికి సంఘం తరఫున ధన్యవాదాలు.

సిబ్బందిని పంపిస్తామన్న అధికారి ఆ రోజు ఫోనే ఎత్తలేదు. వాలంటీర్లుగా పేర్లు రాయించుకున్నవాళ్లలో సగం మంది కూడా రాలేదు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు మాత్రం అందరూ పెట్టారు.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రులకు మరోసారి: పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేయాలి, పాలతోనో కాఫీతోనో కాదు. తర్వాత కనీసం అరగంట ఏమీ పెట్టొద్దు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రకూ, కాల్షియానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రిపోర్టు నార్మల్ వచ్చిందని మీ అంతట మీరు ఆపేయొద్దు. అది మాత్ర వేస్తున్నందుకే నార్మల్ వచ్చింది.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు, పట్టిక గోడకు అంటించాం. చందా బాకీలున్నవాళ్లు దయచేసి చెల్లించండి. వచ్చే మార్చి శిబిరానికి రక్తపరీక్షల ఖర్చు అందులోంచే తీయాలి.

రిపోర్టు కవర్లు కొన్ని ఇంకా నా దగ్గరే ఉండిపోయాయి. అందులో టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చినవీ ఉన్నాయి. ఫోన్ చేసినా రాలేదు. ఈరోజు భోజనాలకు ముందే తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి