మన కంప్యూటర్ పుస్తకం గురించి ఒక సంజాయిషీ

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మన డీటీపీ షాపుకొచ్చే వాళ్లందరికీ నమస్కారం.

పోయిన వారం గజపతినగరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. లిబ్రేఆఫీస్ అంటే ఉత్తరాలూ లెక్కలూ చేసుకునే, ఊరికే దొరికే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. దాని మీద మనం వేసిన పుస్తకం మనవడి కోసం కొన్నారాయన. దాన్ని కౌంటర్ మీద పెట్టి, "ఏటి బాబూ, ఊరికే వచ్చిన దానికి పుస్తకమేసి నూటయాభై లాగేస్తావేటి?" అన్నారు. టీ తెప్పించి కూర్చోబెట్టాను గానీ, సరైన జవాబు అప్పుడు తోచలేదు.

ముందు లెక్క. 400 కాపీలు వేశాం. కాగితం, ప్రింటింగు, బైండింగు కలిపి 28,000 అయింది. 260 అమ్మితే 39,000 వచ్చింది. చేతిలో మిగిలింది 11,000. ఎనిమిది నెలల సాయంత్రాల కూలి అనుకోండి.

ఈ డబ్బు విషయంలో నాకు సిగ్గేమీ లేదు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి అంత పట్టుగా మాట్లాడే రిచర్డ్ స్టాల్‌మన్ కూడా 1985లో తన ఈమ్యాక్స్ ప్రోగ్రామును టేపుల మీద 150 డాలర్లకు అమ్మారు. ఇంగ్లిష్ వాళ్లకు ఉచితానికీ స్వేచ్ఛకూ 'ఫ్రీ' ఒక్కటే మాట. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. పుస్తకంలో వాడిన గిడుగు ఫాంటే చూడండి (గిడుగు రామమూర్తి గారి పేరు పెట్టిన తెలుగు అక్షరాలు, ఊరికే దొరుకుతాయి). లైసెన్సు ప్రకారం ఆ ఫాంటును విడిగా అమ్మకూడదు, దాంతో అచ్చేసిన పుస్తకం అమ్ముకోవచ్చు.

సిగ్గుపడాల్సింది వేరే ఉంది. కాల్క్ (లిబ్రేఆఫీస్‌లో లెక్కల పట్టికలు వేసే భాగం) గురించిన ఐదో అధ్యాయం ముప్పాతిక వంతు నా సొంతం కాదు. లిబ్రేఆఫీస్ వాలంటీర్లు రాసిన ఇంగ్లిష్ గైడును పక్కన పెట్టుకుని తెలుగు చేశాను. దానికున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (రచయితలు తమ రచనను ఇతరులు వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) అందుకు ఒప్పుకుంటుంది, అమ్ముకోవడానికీ ఒప్పుకుంటుంది. రాసినవాళ్ల పేర్లు వేయాలి, లైసెన్సు ఏదో చెప్పాలి, మార్పులు చేశామని చెప్పాలి, అంతే. నేను నా పేరొక్కటే వేసుకున్నాను. చోటు లేదని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెనక అట్ట మీద మన షాపు ప్రకటనకు మాత్రం చోటు దొరికింది.

ఇంకొకటి చెప్పడానికి మరీ ఇబ్బందిగా ఉంది. క్లాసుల్లో పిల్లలు లిబ్రేఆఫీస్ మెనూల్లోని ఏ తెలుగు మాట దగ్గర తికమకపడుతున్నారో రెండేళ్లుగా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. 31 మాటలయ్యాయి. ఆ తెలుగు చేసింది కూడా వాలంటీర్లే, చెబితే పరిశీలిస్తారు. నేను చెప్పలేదు. ఆ మాటలతో మూడు పేజీల పట్టిక వేసి, అదే ఈ పుస్తకం ప్రత్యేకత అని అట్ట మీద రాసుకున్నాను. మెనూ సరిగ్గా ఉంటే ఆ మూడు పేజీలు ఎవరికీ అక్కర్లేదు కదా! కావాలని దాచానా అంటే కాదు, బద్ధకం. కానీ పుస్తకం అమ్ముడుపోతున్న కొద్దీ ఆ బద్ధకం కూడా పెరిగింది.

ఆ మాటల జాబితా నిన్న రాత్రి ఆ వాలంటీర్లకు పంపించాను. మిగిలిన 140 కాపీల్లో గైడు రాసినవాళ్ల పేర్లూ వివరాలూ ఉన్న చీటీ అంటిస్తున్నాం. ఇప్పటికే కొన్నవాళ్లు ఇటు వచ్చినప్పుడు ఒక చీటీ తీసుకెళ్లండి. ఐదో అధ్యాయం పీడీఎఫ్ కావాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, దానికి డబ్బు తీసుకోను. పుస్తకం ధర మాత్రం 150 అలాగే ఉంటుంది. పెద్దాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "సరేలే, మరి చీటీ ఎవడు తెస్తాడు?" అన్నారు. పోస్టులో పంపుతున్నాను.

పైడితల్లమ్మ సిరిమాను పండుగ మంగళవారం షాపు మూసి ఉంటుంది. బుధవారం కూడా పది దాటాకే తీస్తాం.