బండి మీద ఎందరున్నారన్నదే అసలు ప్రశ్న

సంపాదకుల వారికి,

అయ్యా,

అగ్నిమాపక సిబ్బంది సంఘం చేపట్టిన ఆందోళనను విమర్శిస్తూ గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. ఏడాదిలో ఎక్కువ రోజులు స్టేషన్‌లో ఊరికే కూర్చునే ఉద్యోగులకు జీతం పెంచడం దేనికని, శిక్షణ పేరుతో డ్యూటీ నుంచి మినహాయింపులు దేనికని, ఉన్నవాళ్లకే పని లేనప్పుడు కొత్త పోస్టులు దేనికని ఆయన అడిగారు. ఫైర్‌మన్‌గా, ఆ తరువాత జట్టును నడిపే లీడింగ్ ఫైర్‌మన్‌గా 31 ఏళ్లు పనిచేసి, అందులో 8 ఏళ్లు సంఘం శాఖకు కార్యదర్శిగా ఉండి రిటైరైన వాణ్ని నేను. ఆయన మాటల్లో కొంత ఎకసెక్కం ఉన్నా ప్రశ్నలు మాత్రం అడగదగినవే. అయితే జీతం, శిక్షణ, సిబ్బంది సంఖ్య అనే మూడింటినీ ఆయన మూడు వేర్వేరు కోరికలుగా లెక్కగట్టారు. ఫోన్ మోగిన నిమిషంలో బండి మీదికి ఎందరు ఎక్కుతారు, ఎక్కినవాళ్లకు పని వచ్చునా రాదా అన్న ఒక్క విషయమే ఆ మూడింటిలోనూ ఉన్నదని మేం అనుకుంటాం.

ముందుగా ఊరికే కూర్చోవడం సంగతి. ఉదయం పెరేడ్ అయ్యాక పంపును నడిపి చూడడం, పొగలో ఊపిరి కోసం వీపున తగిలించుకునే బ్రీతింగ్ సెట్ల సిలిండర్లలో గాలి ఎంత ఉన్నదో సరిచూడడం, ముందు రోజు వాడిన హోస్ పైపులను కడిగి ఆరవేయడం, నిచ్చెనల తాళ్లను పరీక్షించడం వంటి పనులను ఆయన చూసి ఉండరు. అవి చూడదగ్గ పనులు కూడా కావు. ఆ తరువాత నిజంగానే ఎదురుచూపు మొదలవుతుంది. ఆ ఎదురుచూపు శరీరాన్ని ఏం చేస్తుందో అమెరికాలో డ్యూటీలో మరణించిన అగ్నిమాపక ఉద్యోగుల మీద జరిగి 2007లో వెలువడిన ఒక వైద్య పరిశోధన చెప్పింది. ఏడాది పని సమయంలో మంటలార్పడానికి పోయేది 1 నుంచి 5 శాతమే అయినా, డ్యూటీలో గుండెజబ్బుతో చనిపోయినవారిలో 32 శాతం మంది ఆ కొద్ది సమయంలోనే చనిపోయారు. నిద్రలో ఉన్నవాడు గంట మోగగానే లేచి, ఇరవై కిలోలకు పైబడిన బరువును ఒంటి మీద వేసుకుని, కొన్ని నిమిషాల్లోనే పొగలో మెట్లెక్కవలసి రావడం గుండెకు ఎంత భారమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. నెల జీతంలో అధికభాగం ఆ సిద్ధంగా ఉండడానికే ఇస్తున్నారని అర్థం చేసుకుంటే, "ఊరికే" అన్న మాటను ఆయనే వెనక్కు తీసుకుంటారని నా నమ్మకం.

ఇక సంఖ్య విషయానికి వస్తాను. చాలా ఏళ్ల కిందటి ఒక రాత్రి మేం ముగ్గురం బండెక్కాం. స్టేషన్ పేరు ఇక్కడ అనవసరం. ముగ్గురిలో డ్రైవరు పంపు దగ్గరే ఉండాలి; అతను పంపును వదిలితే పైనున్నవాళ్లకు నీళ్లు ఆగిపోతాయి. మిగిలింది నేనూ, సర్వీసులో చేరి ఏడాది కూడా నిండని ఒక కుర్రవాడూ. మంట రెండో అంతస్తులో ఉంది. నేను హోస్ చివర నీళ్లు చిమ్మే బ్రాంచ్ పైపు పట్టుకుని ముందు, అతను హోస్‌ను అందిస్తూ వెనుక మెట్లెక్కాం. మెట్లు తిరిగే చోట హోస్ జాయింటు మూలకు తట్టుకుని ఇరుక్కుపోయింది. నలుగురుంటే ఆ మలుపులో ఒకడు నిలబడి హోస్‌ను వదులుతూ ఉండేవాడు. లేరు కనుక ఆ కుర్రవాణ్ని కిందికి పంపాను. పొగలో ఒక్కణ్నే మోకాళ్ల మీద కూర్చుని అతని కోసం చూస్తున్నంతసేపూ నాకు వినిపించింది నా ఊపిరి చప్పుడొక్కటే. నిండు సిలిండరులో 300 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది. స్థిరంగా ఊపిరి తీసే మనిషికి అది ముప్పావుగంట దాకా వస్తుందని కాగితం మీద లెక్క, బరువులు లాగుతున్న మనిషికి అందులో సగం సేపు వచ్చినా గొప్పే. అతను తిరిగి వచ్చేసరికి నా సెట్ గాలి అయిపోవస్తున్నదని ఈల వేయడం మొదలుపెట్టింది, అంటే వెనుదిరగవలసిన సమయం దాటిపోయిందన్నమాట. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు వెళ్లిన నివేదికలో "ఉన్న సిబ్బందితో మంటలు ఆర్పబడినవి" అని ఒక్క వాక్యం రాశారు. ఆ "ఉన్న సిబ్బందితో" అన్న మాట నివేదికల్లో ఎన్నిసార్లు వచ్చిందో ఎవరైనా లెక్కపెడితే ఈ ఆందోళన ఎందుకో వేరే వివరించనక్కరలేదు.

ఇద్దరు లోపలికి పోతే వాళ్లను కాపాడడానికి మరో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలన్న నియమాన్ని అమెరికా కార్మిక భద్రతా శాఖ 1998లో తప్పనిసరి చేసింది. అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం తన 1710 నంబరు ప్రమాణంలో ఒక్కో ఫైరింజన్ మీద కనీసం నలుగురు ఉండాలని, మొదటి బండి బయలుదేరిన 4 నిమిషాల్లో ఘటనాస్థలానికి చేరాలని పెట్టింది. ఈ నలుగురు అన్న అంకె యూనియన్ నాయకులు సమావేశంలో ఊహించి పెట్టుకున్నది కాదని 2010లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ప్రయోగపూర్వకంగా తేల్చింది. ఒక సాధారణ ఇంట్లో మంటలార్పి మనుషులను వెలికితీయడానికి అవసరమైన 22 పనులను నలుగురి జట్టు, ఇద్దరి జట్టుకన్నా 30 శాతం, ముగ్గురి జట్టుకన్నా 25 శాతం వేగంగా ముగించింది. ఆ వేగం ఇప్పుడు ఎందుకు ఎక్కువ అవసరమో కూడా చెప్పాలి. కొయ్యతో, నూలుతో చేసిన పాతకాలపు సామాను ఉన్న గది మొత్తం ఒక్కసారిగా అంటుకోవడానికి దాదాపు అరగంట పట్టగా, ఫోము, ప్లాస్టిక్ నిండిన నేటి సామాను ఉన్న గది 5 నిమిషాల లోపే అంటుకున్నదని పరీక్షల్లో తేలింది. మంట తన వేగాన్ని పెంచుకుంటూ పోతుంటే మనం బండి మీద మనుషులను తగ్గించుకుంటూ పోతున్నాం.

"బండికి ఆరుగురిని మంజూరు చేశాం కదా" అని అధికారులు అంటుంటారు. ఆ మాటకు జవాబు చిన్న గుణకారంలో ఉంది. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక్క సీటు రాత్రింబవళ్లు ఖాళీ కాకుండా ఉండడానికి ముగ్గురున్నర మంది కావాలి. ఆరు సీట్లకు 21 మంది. ఇది ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరూ సెలవు పెట్టకుండా, ఎవరూ శిక్షణకు వెళ్లకుండా ఉన్నప్పటి లెక్క. అవన్నీ కలిపితే సీటుకు నలుగురి పైమాటే. సంఘం అడుగుతున్న సెలవు రిజర్వు, శిక్షణ రిజర్వు, అంటే సెలవులోనో శిక్షణలోనో ఉన్నవారి స్థానంలో వేసే అదనపు సిబ్బంది, ఆ తేడాను పూడ్చడానికే. ఆ రిజర్వు లేని చోట ఒకడు సెలవు పెడితే ఇంకొకడు ఇరవై నాలుగు గంటల డ్యూటీ మీద మరో డ్యూటీ చేస్తాడు, లేదా సీటు ఖాళీగానే పోతుంది.

సిబ్బంది తక్కువైనప్పుడు మొట్టమొదట కోత పడేది శిక్షణకు. డ్రిల్లు ఆపితే ఆ రోజు ఎవరికీ ఏ నష్టమూ కనిపించదు కనుక అది అందరికీ సులువైన కోత. నేను దాచకుండా ఒక సంగతి ఒప్పుకోవాలి. వారం వారం చీకటి గదిలో బ్రీతింగ్ సెట్ డ్రిల్లు జరిగినట్లు రిజిస్టరులో రాసి ఉన్న పేజీల కింద, అసలు డ్రిల్లే జరగని వారాల్లో కూడా, నా సంతకం ఉంది. పైనుంచి తనిఖీ వస్తున్నదని చెప్పి సంతకాలు పెట్టించారు, మేం పెట్టాం. ఇలాంటి సంతకానికి ఎవరు మూల్యం చెల్లిస్తారో అప్పట్లో నేను ఆలోచించలేదు. లండన్‌లో 2017లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ మంటల మీద విచారణ సంఘం 2019లో ఇచ్చిన మొదటి నివేదిక చదివినప్పుడు ఆలోచించాను. లోపలికి వెళ్లిన సిబ్బంది ధైర్యాన్ని ఆ నివేదిక మెచ్చుకుంది. కానీ భవనాన్ని ఖాళీ చేయించవలసిన క్షణాన్ని ఎలా గుర్తించాలో, ఎలా ఖాళీ చేయించాలో అక్కడి కమాండర్లకు శిక్షణే ఇవ్వలేదని కూడా తేల్చింది. ఎక్కడివాళ్లను అక్కడే ఉండమని చెప్పే పాత పద్ధతిని వదలడానికి ఆ రాత్రి చాలా ఆలస్యమైంది. పైగా చేసే పనే మారుతోంది. లిథియం బ్యాటరీకి అంటుకున్న మంట ఆరినట్లే ఆరి గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత మళ్లీ అంటుకుంటుంది. ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్న పాఠంతో దాని దగ్గరికి పోవడం చాలా ప్రమాదం. అందుకే శిక్షణను సంఘం హక్కుగా అడుగుతోంది: అది డ్యూటీ గంటల్లోనే జరగాలి, వెళ్లినవాడి స్థానంలో మరొకణ్ని వేయాలి, జరిగిందో లేదో రిజిస్టరు చూసి కాకుండా మనిషిని పరీక్షించి తేల్చాలి. వీటిలో మినహాయింపు ఎక్కడున్నదో లేఖ రాసిన పాఠకుడే చెప్పాలి.

సంఘం కూడా అన్నిసార్లూ ఒప్పు చేయలేదు. ఏటా శరీర దారుఢ్య పరీక్ష పెడతామన్నప్పుడు మేం అడ్డుపడ్డాం. పరీక్షలో తప్పినవాణ్ని ఇంటికి పంపుతారన్న భయం నిజమే అయినా, తేలిక పని ఇవ్వాలని పోరాడవలసింది పోయి పరీక్షే వద్దనడం పొరపాటు. పైన చెప్పిన గుండెజబ్బు లెక్కలు చూశాక ఆ వైఖరిని సమర్థించుకోవడం నావల్ల కాదు.

జీతం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే పై రెండూ ఒప్పుకుంటే మూడోది దానంతటదే వస్తుంది. రెండు మూడేళ్లు నేర్పించిన కుర్రవాడు జీతం చాలక వేరే ఉద్యోగానికి పోతే ఆ శిక్షణకు పెట్టిన ఖర్చు అతనితోపాటే పోతుంది. ఉండిపోయినవాడు సెలవు రోజున మరో పని చూసుకుని మరునాడు అలసిపోయి డ్యూటీకి వస్తాడు. ఈ వృత్తి శరీరంలో మిగిల్చేది కూడా జీతం లెక్కలోకి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా రుజువైన వాటి జాబితాలో, అంటే మొదటి వర్గంలో చేర్చింది. కెనడాలోని మానిటోబా 2002లోనే కొన్ని క్యాన్సర్లను ఈ వృత్తి వల్ల వచ్చినవిగానే భావించాలని చట్టం చేసింది, కనుక అక్కడ రోగి ఆసుపత్రి మంచం మీది నుంచి ఏ మంటలో ఏ పొగ పీల్చాడో రుజువు చేయనక్కరలేదు.

బ్రిటన్‌లో 1977 నవంబరులో మొదలైన అగ్నిమాపక సిబ్బంది సమ్మె 9 వారాలు సాగింది. సైన్యం పాత ఆకుపచ్చ బండ్లతో మంటలార్పింది. చివరికి వేతనాన్ని నైపుణ్యం గల కార్మికుల్లో పైస్థాయి వారి సంపాదనతో ముడిపెట్టే సూత్రం కుదిరింది, ఆ సూత్రంతో దాదాపు పావు శతాబ్దం పాటు దేశవ్యాప్త సమ్మె లేకుండా గడిచింది. ఆ సమ్మెను నేను ఆదర్శంగా చూపడం లేదు. ఆ సూత్రాన్ని మొదటి వారంలోనే ఒప్పుకుని ఉండవచ్చు కదా అంటున్నాను.

మేం సమ్మెకు దిగుతామేమోనన్న భయం ఆ పాఠకుడికి ఉంటే దాన్ని నేను అర్థం చేసుకోగలను. సంఘం పెట్టుకునే హక్కుపై 1948 నాటి 87వ ఒడంబడికలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సైన్యానికి, పోలీసులకు మాత్రమే మినహాయింపుకు వీలిచ్చింది. అగ్నిమాపక ఉద్యోగులు ఆ మినహాయింపులోకి రారని, జపాన్‌లో వారికి ఈ హక్కు లేకపోవడం సరికాదని ఆ సంస్థ పదేపదే చెబుతూ వచ్చింది. దక్షిణ కొరియా 2021లో ఈ హక్కు ఇచ్చింది. అదే సంస్థ అగ్నిమాపక సేవలను అత్యవసర సేవలుగా గుర్తించి, సమ్మెపై ఆంక్షలు పెట్టడాన్ని కూడా అంగీకరిస్తుంది, అయితే బదులుగా పక్షపాతం లేని, త్వరగా తేలే మధ్యవర్తిత్వం ఉండాలంటుంది. మా సంఘం ఇప్పుడు అడుగుతున్నది కూడా అదే. సమ్మె చేయబోమని రాసివ్వడానికి సిద్ధమే, రాసిచ్చిన కాగితానికి అవతల వైపు నుంచి మధ్యవర్తి పేరుతో ఒక కాగితం రావాలి. ఇన్ని నెలలుగా రాలేదు.

పోస్టులు నిజంగా తక్కువగా ఉన్నాయా అని ఆ పాఠకుడు చివర్లో సందేహం వెలిబుచ్చారు. నా మాట నమ్మవలసిన పని లేదు. ఆయన తనకు దగ్గరలోని ఏదైనా స్టేషన్‌కు వెళ్లి, షిఫ్టు మారే వేళ వాచ్ రూమ్‌లోని డ్యూటీ బోర్డు చూపించమని అడగవచ్చు. మంజూరైన సంఖ్య ఒక గడిలో, హాజరైన సంఖ్య పక్క గడిలో ఉంటాయి. మొదటిది పెయింటుతో రాసి ఉంటుంది, రెండోది సుద్దముక్కతో.

ఇట్లు,
ఒక విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్