క్రిస్మస్ దీపాల లెక్క పిల్లల చేత వేయించండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

క్రిస్మస్‌కు ఇంటిని సీరియల్ లైట్లతో అలంకరించబోతున్న వారికి ఒక మనవి. ఎన్ని దండలు కావాలో తేల్చే పనిని, కొనడానికి ముందే, మీ పిల్లలకు అప్పగించండి. ముందుగా దీపాలు కట్టే చోటు కంటిచూపుతో ఎన్ని అడుగులుంటుందో కాగితం మీద రాయమని, ఆ తర్వాతే టేపు చేతికివ్వండి. అంచనా తప్పినా దాన్ని కొట్టివేయనివ్వకండి. సెలవుల తర్వాత మా గణిత ఉపాధ్యాయులు చూడాలనుకునేది ఆ అంకెనే.

చూరు పొడవు 40 అడుగులు, 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు గల రెండు కిటికీల చుట్టుకొలత 28 అడుగులు అనుకుందాం. మొత్తం 68. బల్బుకూ బల్బుకూ మధ్య 6 అంగుళాల ఎడం ఉన్న 100 బల్బుల దండ సుమారు 50 అడుగుల మేర వెలుగుతుంది. భాగిస్తే 1.36 వస్తుంది, తరగతిలో దీన్ని 1కి సవరిస్తాం గాని, ఒక్క దండే తెస్తే చూరు పూర్తయ్యాక ఒక కిటికీకైనా చాలదు. ఇక్కడ ఎప్పుడూ పై సంఖ్యకే పోవాలి. చూరు నుంచి కిటికీకి దిగే దూరాన్ని కూడా కలపాలి. ప్లగ్గు నుంచి మొదటి బల్బు దాకా ఉన్న తీగ వెలగదు కనుక, పెట్టె మీద వెలిగే పొడవు ఎంతో చూడాలి.

చెట్టు మానుకు చుట్టే లెక్క ఇంకా బాగుంటుంది. చుట్టుకొలత 3 అడుగులు, ఎత్తు 6 అడుగులు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 6 అంగుళాలు అయితే 12 చుట్లకు 36 అడుగులు పడుతుంది. ఎడాన్ని 3 అంగుళాలకు తగ్గిస్తే దండ రెట్టింపు కావాలి. తీగ ఏటవాలుగా ఎక్కుతుంది కదా అని పెద్ద తరగతుల పిల్లలు అడిగితే ఎంతో సంతోషం. పైథాగరస్ సిద్ధాంతంతో చూస్తే మొదటి లెక్కలో చుట్టుకు అరంగుళం, మొత్తం మీద 6 అంగుళాలే పెరుగుతుంది.

క్రిస్మస్ చెట్టుకు అడుగు ఎత్తుకు 100 బల్బులన్నది వాడుకలో ఉన్న లెక్క. నా దృష్టిలో అది మధ్యరకం చెట్లకే సరిపోతుంది. ఎందుకంటే అదే ఆకారంలో ఎత్తు రెట్టింపైతే చెట్టు ఉపరితల వైశాల్యం నాలుగు రెట్లవుతుంది.

ఒకదానికొకటి ఎన్ని దండలు కలపవచ్చో పెట్టె మీద ఉంటుంది, దాన్ని మించకండి. ఆరుబయటికి ఆరుబయట వాడదగినవే తీసుకోండి. కొలతలు పిల్లలవే అయినా, నిచ్చెన మాత్రం పెద్దలే ఎక్కాలని కోరుతున్నాను.

భవదీయ,
ప్రధానోపాధ్యాయులు