ఐదో ఉత్తరం: దయచేసి ఈసారైనా టికెట్ మూసేయకుండా చదవండి

తిరుపతి.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

స్కాఫోల్డ్, అంటే వేరే ముక్కలు తగిలించుకునే మూల అణువు, ఎఫ్‌మాక్ అనే రక్షణ తొడుగు ఉన్నది ఆర్డర్ చేస్తే బాక్ అనే వేరే తొడుగు ఉన్నది పంపారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా కోపమంతా ఆ తర్వాత ఇరవై మూడు రోజులు మీవాళ్ళు నన్ను తిప్పిన తీరు మీదే.

మొదటి అబ్బాయి సీసా ఫొటో అడిగాడు. పంపితే మసకగా ఉందన్నాడు. మళ్ళీ పంపితే, "లేబుల్ మీద ఎఫ్‌మాక్ అనే ఉంది కదా సార్" అన్నాడు. లేబుల్ సరే నాయనా, లోపలిది వేరు, అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ పరీక్ష తీసి చూశాం అన్నాను. "మూత తీశారా? అయితే రిటర్న్ కుదరదు." మూత తీయకుండా ఎన్ఎంఆర్ ఎలా తీయాలో నేర్పితే మీ దగ్గరే శిష్యరికం చేస్తాను.

రెండో ఆవిడ మర్యాదగానే, "రెండూ ప్రొటెక్టింగ్ గ్రూపులే కదండీ, సర్దుకోండి" అంది. ఎలా సర్దుకునేది? ఎఫ్‌మాక్ పిపెరిడిన్ అనే క్షారంతో ఊడుతుంది. బాక్‌కు మామూలుగా గట్టి ఆసిడ్ కావాలి. మా స్కాఫోల్డ్‌కు తోకలా డీఎన్ఏ ఉంటుంది, ఆసిడ్ పోస్తే అందులో ఎ, జి అనే బేసులు, అంటే దాని అక్షరాలు, రాలిపోతాయి. మిగిలిన రెండు కొసలకూ వెయ్యేసి రకాల ముక్కలు తగిలిస్తే పది లక్షల అణువులు, అన్నీ ఒకే ట్యూబులో. ఏది ఏదో చెప్పే అడ్రసు ఆ డీఎన్ఏ ఒక్కటే. అంతా విని "నోట్ చేసుకున్నానండీ" అంది.

టెక్నికల్ టీమ్ ఇరవై నాలుగు గంటల్లో ఫోన్ చేస్తుందన్నారు. ఆరో రోజు ఫోన్ వచ్చింది, మా సేవకు ఎన్ని మార్కులిస్తారని! ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెయిల్. కొండమీద సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నా ఎప్పటికో ఒకప్పటికి తలుపు తీస్తారు, మధ్యలో పాలూ ఉప్మా కూడా పెడతారు.

ఆరేళ్ళుగా మా ల్యాబ్ మీ దగ్గరే కొంటోంది. వేరే కంపెనీ తక్కువకిస్తానన్నా మా సారు వినలేదు. ఇప్పుడాయన రోజూ "వచ్చిందా?" అని అడుగుతుంటే నాకు తల ఎత్తాలంటే టెన్షన్. సరైన సీసా పంపుతారో, డబ్బే వెనక్కిస్తారో, ముందు కెమిస్ట్రీ తెలిసిన మనిషితో ఒక్కసారి మాట్లాడించండి. లేదంటే ఈ మెయిళ్ళన్నీ మా పర్చేజ్ కమిటీ ముందు పెడతాం, అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాం.

ఇట్లు,
మీ పాత కస్టమర్, ఒక రీసెర్చ్ స్కాలర్

తా.క.: సీసా మా ఫ్రిజ్‌లోనే ఉంది. మూత బిగించే పెట్టాం.