ఉద్దానం కిడ్నీ దాతకు ఒక్క క్రియాటినిన్ చాలదు

సంపాదకులకు,

2023 డిసెంబరులో పలాస కిడ్నీ ఆస్పత్రి తెరిచాక డయాలసిస్ పడకల గురించి, పింఛన్ల గురించి చాలా రాశారు. కిడ్నీ ఇచ్చే మనిషి గురించి ఎవరూ రాయడం లేదు. కారణం తేలని కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దాత అంటే దాదాపుగా ఇంటి మనిషే: భార్య, తల్లి, అన్నో తమ్ముడో. కవిటిలోనో మందసలోనో రోగి తాగిన నీళ్లే తాగి, అదే జీడితోటలో అదే ఎండకు పనిచేసిన మనిషి. ఆ దాత ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు అవయవ మార్పిడి నిబంధనల్లోని ఫారం 4 మీద రాసివ్వాలి. ఏ జిల్లా మనిషికైనా ఫారం ఒకటే. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలుగా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంటే కిడ్నీ మీద అనుమానం వస్తుంది. ఉద్దానం జబ్బు ముందు దెబ్బకొట్టేది కిడ్నీలోని సన్నని గొట్టాలను, వాటి చుట్టూ ఉండే కణజాలాన్ని. అందుకే ఆల్బుమిన్ పోయినా కొద్దిగానే పోతుంది, స్ట్రిప్ ముంచితే 'నిల్' అని వస్తుంది. రక్తంలో క్రియాటినిన్‌దీ, అంటే కండల నుంచి వచ్చి కిడ్నీ వడపోసే వ్యర్థానిదీ, అదే తంతు. 50 ఏళ్ల ఆడమనిషికి డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. చాలా ల్యాబ్‌ల కాగితం మీద అది నార్మలే. వయసు కలిపి లెక్క కడితే వడపోత, అంటే జీఎఫ్‌ఆర్, నిమిషానికి 60 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ కేడిగో మార్గదర్శకాల ప్రకారం 90, ఆ పైన ఉంటే ఇవ్వొచ్చు, 60 లోపైతే వద్దు, మధ్యలో ఉంటే మనిషిని బట్టి తేల్చాలి. బక్కపలచని కూలీకి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ ఇంకా తక్కువ చూపిస్తుంది. ఒక కిడ్నీ తీశాక మిగిలినది ఎంత పుంజుకున్నా, మొత్తం వడపోత పాతదాంట్లో మూడింట రెండు వంతుల దగ్గరే ఆగుతుంది.

కాబట్టి ఇక్కడి దాతకు డీటీపీఏ స్కాన్‌తో, అంటే కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి చేసే స్కాన్‌తో, రెండు కిడ్నీల వడపోతనూ విడివిడిగా కొలవాలి. క్రియాటినిన్ మూడు నెలల ఎడంతో రెండుసార్లు చూడాలి. రక్తంలో పొటాషియం, యూరిక్ యాసిడ్ చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు. పొటాషియం తగ్గినా, యూరిక్ యాసిడ్ పెరిగినా గొట్టాల వైపు ఓసారి తిరిగి చూడమని అర్థం. మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ పరీక్ష కూడా అందుకే. మార్పిడి రోజున, దాత నుంచి తీసిన కిడ్నీ నుంచి చిన్న ముక్క బయాప్సీకి పంపితే, దాతలో మిగిలిన దాని జోడు ఎలా ఉందో కూడా తెలుస్తుంది. ఆ రిపోర్టు రోగి ఫైల్లోనే ఉండిపోకుండా దాత చేతికీ ఇవ్వాలి.

ఇంకొక మాట. పిల్లల కిడ్నీ అయితే ఎక్కువ కాలం పనిచేస్తుందని ఇళ్లలో అనుకుంటారు. ఈ జబ్బు నడివయసులో ఎక్కువగా బయటపడుతుంది. 25 ఏళ్ల కొడుకు పరీక్షలు ఇవాళ బాగున్నంత మాత్రాన అతను గండం దాటినట్టు కాదు. అన్ని పరీక్షలూ నెగ్గిన 55 ఏళ్ల తల్లే ఇక్కడ మేలైన దాత అని మా అభిప్రాయం.

ఇదంతా ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి సొంతంగా తేల్చుకునే పని కాదు. 1994 అవయవ మార్పిడి చట్టానికి 2011 సవరణలో 13ఎ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం ఈ చట్టాన్ని స్వీకరించిన ప్రతి రాష్ట్రంలో రెండేళ్ల కాలానికి సలహా కమిటీ వేయాలి. కార్యదర్శి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. మార్పిడిలో కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు డాక్టర్లు, అదనపు జిల్లా జడ్జి స్థాయికి తగ్గని న్యాయ నిపుణుడు, మహిళా సంఘాల నుంచి ఒకరు, మార్పిడి చేసే బృందంలో లేని నిపుణుడు ఒకరు ఉండాలి. ఈ చివరి కుర్చీలో ఉద్దానం జబ్బు తెలిసిన నెఫ్రాలజిస్టును కూర్చోబెట్టి, ఇక్కడి దాతల కోసం ప్రత్యేక పరీక్షల పట్టీ రాయించాలి. రోగికి వైద్యం చేసే డాక్టరే దాతకూ ఫిట్ అని రాయకూడదని అందులోనే చేర్చాలి. బ్రెయిన్ డెత్ నిర్ధారించే నలుగురు డాక్టర్లలో మార్పిడి బృందం వాళ్లు ఉండకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది. బతికున్న దాతకు అంతపాటి జాగ్రత్తయినా ఉండొద్దా?

దాత ఆడమనిషైతే ఆమె సమ్మతిని కిడ్నీ పుచ్చుకునే మనిషి కాక వేరొకరు ధ్రువీకరించాలని ఆ చట్టం కింద వచ్చిన 2014 నిబంధనల్లో ఉంది. భర్త పక్కనుండగా, అత్తగారు వరండాలో కూర్చుని ఉండగా సంతకం పెట్టిస్తే అది పేరుకే సమ్మతి. ఆమెను విడిగా కూర్చోబెట్టి, మన తెలుగులో చెప్పాలి: "ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇంకా తేలలేదమ్మా. రేపు నీకూ రావచ్చు. ఎంతమందిలో ఒకరికి అంటే మా దగ్గర లెక్క లేదు. వద్దనుకుంటే నువ్వు మెడికల్‌గా సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెబుతాం." ఈ చివరి వాక్యం లేకపోతే చాలామంది కాదనలేరు.

ఇచ్చిన తర్వాత సంగతి మరీ అన్యాయం. రోగి మందుల కోసం నెలనెలా ఆస్పత్రికి వస్తాడు, దాత తోటపనికి పోతుంది. ఒళ్లునొప్పులకు ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ మింగుతుంది. ఒంటి కిడ్నీకి అది చాలా చెడ్డది. ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్ష పలాసలోనే ఉచితంగా చేసి, దాతకు విడిగా ఒక పుస్తకం ఇవ్వాలి. రాకపోతే ఇంటికి ఆశా కార్యకర్తను పంపాలి.

— కొందరు కిడ్నీ వైద్య సిబ్బంది, శ్రీకాకుళం జిల్లా